లాగేవాళ్లు సరే, ఆపేవాళ్లేరీ?

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల పెరట్లో గోంగూరకూ షెడ్డుకూ ఎప్పుడూ పడదు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాడు షెడ్డు ఎక్కడ పెట్టుకుంటాడు? వీధిలోకి కనపడకుండా, ఇంటి వెనక, చెట్లు అడ్డంలేని ఖాళీ జాగాలో. చెట్లు లేని జాగా అంటే ఎండ పడే జాగా. మనవాళ్లు ఆ ఇల్లు కొనుక్కుని, సర్దుకుని, రెండో వేసవికి సొరపాదు పెట్టుకుందామని పెరట్లోకి దిగేసరికి, ఉన్న ఒక్క మంచి ఎండనూ గడ్డికోత మిషను అనుభవిస్తూ ఉంటుంది.

మా ఇంటి తగవూ అదే. మాది నార్త్ కరోలినా. ఈ రాష్ట్రం నడిమి భాగమంతా ఎర్రబంక మట్టి. వాన పడితే చెప్పును వదలదు, ఎండితే గునపం దిగదు. ఏప్రిల్ సగం గడిచాక మంచు పట్టే భయం పోతుంది. అక్కణ్నుంచి అక్టోబరు దాకా బెండ, దొండ, చిక్కుడు, గోంగూర మన ఊళ్లో కాసినట్టే కాస్తాయి. కావలసిందల్లా రోజుకు ఆరేడు గంటల ఎండ. ఆ ఎండ పడే దక్షిణపు వారనే పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న చెక్క షెడ్డు తిష్ఠ వేసుకుని ఉంది. అది పోవాలని మా ఆవిడ. పోనక్కర్లేదు, జరిగితే చాలని నేను.

తెలుగునాట షెడ్డంటే ఇనప రేకులు, ఇనప గొట్టాలు గుర్తొస్తాయి. ఇక్కడిది బుల్లి చెక్క ఇల్లు. నేల చెక్కే, గోడలు చెక్కే, కప్పు మీద మాత్రం తారు పలకలు. లోపల పారలు, గొర్రులు, పిల్లలు ఎదిగిపోయి వదిలేసిన సైకిళ్లు, ఎప్పుడో పనికొస్తాయని దాచిన రంగు డబ్బాలు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల ఆమిష్ వడ్రంగులు ఇలాంటివి కట్టడంలో ఆరితేరినవాళ్లు. షెడ్డు మొత్తం తమ దగ్గరే కట్టేసి, తలుపులు కూడా బిగించి, బండి మీద ఇంటికి పంపిస్తారు.

అలా బండెక్కి వచ్చిన షెడ్డుకు అడుగున ఒక ఆనవాలు ఉంటుంది. మోకాళ్ల మీద వంగి టార్చి వేసి చూస్తే నేల చెక్కల కింద అడ్డదూలాలు కనపడతాయి. వాటికీ కింద, షెడ్డు పొడవునా ఈ కొస నుంచి ఆ కొస దాకా, లావుపాటి దుంగలు పరిచి ఉంటాయి. వీటిని స్కిడ్లు అంటారు. షెడ్డు బరువంతా వాటి మీదే. గొలుసు తగిలించి లాగితే నేలకు ఒరుసుకునేవి అవే, దెబ్బ తగిలేదీ వాటికే. పైనున్న ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. అంటే కట్టినవాడే ఇది ఒకనాడు కదలాల్సి వస్తుందని లెక్క వేసుకున్నాడు. కాంక్రీటులో బోల్టులు దించి బిగించిన షెడ్డుకు ఆ యోగం లేదు.

ఒక కాంట్రాక్టరును పిలిచి చూపించాం. చుట్టూ ఒకసారి తిరిగి, గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, "పగలగొట్టి పారేయండి, కొత్తది కొనుక్కోండి, చౌక" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. గోడ నిటారుగా ఉంది, కప్పు కారడం లేదు, తలుపు చక్కగా పడుతోంది. నిక్షేపంలాంటి వస్తువును తప్పు చోట ఉందన్న ఒక్క కారణంతో చెత్తబుట్టకు పంపడమేమిటి? ఈ దేశంలో చౌక అనే మాటతో చంపేసిన వస్తువులకు లెక్కలేదు.

పోనీ విప్పి మళ్లీ బిగిద్దామా అంటే, చెక్క షెడ్డు అందుకు ఒప్పుకోదు. శ్రీశైలం జలాశయం ముంపులో పడ్డ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. చాళుక్యుల నాటి ఆ గుడి రాయి మీద రాయి పేర్చి కట్టినది కాబట్టి విప్పితే విడింది, పేరిస్తే అమరింది. వేలకొద్దీ మేకులు దిగిన ప్లైవుడ్ అలా విడదు. మేకు పీకిన చోటల్లా చెక్క చీలుతుంది. తారు పలకలైతే పట్టుకోగానే చిరుగుతాయి. కనుక జరిపితే మొత్తంగా జరపాలి.

మొత్తంగా జరపడం ఎలాగో చెప్పినవాడు మా పక్కింటి పెద్దాయన. డెబ్భై దాటాయి, పొగాకు పొలాల్లో పెరిగిన మనిషి. మన ఒంగోలు, కందుకూరు రైతులు వర్జీనియా పొగాకును బ్యారన్లలో వేడికి పండిస్తారే, ఆ పద్ధతి పుట్టిల్లు ఈ నార్త్ కరోలినాయే. ఈయన చిన్నతనంలో చెక్క బ్యారన్లను ఒక చేలోంచి ఇంకో చేలోకి జరపడం చూశాడట. నేను జాకీలు ఎన్ని టన్నులవి తేవాలి, గొలుసు ఎంత లావుండాలి అని లెక్కలు అడుగుతుంటే ఆయన చేయి అడ్డం పెట్టాడు. "ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడండీ. ఎత్తింది కింద పడకుండా ఏం పెడతారో అది చెప్పండి ముందు" అన్నాడు.

తర్వాత జరిగిన పనంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు ఖాళీ చేయాలి. లోపలి సామాను బయట పెడితేనే తెలుస్తుంది, బరువులో ఎంత భాగం మన బద్ధకానిదో. తర్వాత అడుగు పరీక్ష. చెయ్యి పెట్టకూడదు, పొడుగు కర్రతో కదిలించాలి. ఈ ప్రాంతంలో షెడ్ల కింద కాపర్‌హెడ్ పాములు పడుకుంటాయి, మూలల్లో బ్లాక్ విడో సాలీళ్లు గూళ్లు కడతాయి. ఆ తర్వాత స్క్రూడ్రైవరుతో స్కిడ్లను అడుగడుక్కీ పొడిచి చూడాలి. మొన దిగకపోతే చెక్క గట్టిది. వెన్నలోకి దిగినట్టు దిగితే లోపల కుళ్లింది, ఎత్తిన క్షణంలో అక్కడే విరుగుతుంది. మాది ఒక కొసన కాస్త మెత్తబడింది, పక్కన కొత్త చెక్క జోడించి బోల్టులు బిగించాం. పాత షెడ్లతో ఇంకో జాగ్రత్త. 2003 ఆఖరు దాకా ఇళ్ల పనులకు వాడే కలపకు కూడా చెద పట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించేవారు. అంతకుముందు కట్టిన షెడ్డు అయితే ఆ కలప కోసేటప్పుడు మూతికి గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకోవాలి. ముక్కలను పొయ్యిలో పెట్టకూడదు.

ఆ పైన ఐమూల కొలత. ఈ మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి, మళ్లీ రెండో ఐమూలకు పట్టి చూడాలి. రెండు కొలతలూ ఒకటే అయితే షెడ్డు మూలమట్టానికి ఉన్నట్టు. ఎత్తేటప్పుడు ఒక మూల ముందు లేచి ఒక మూల వెనకబడితే నలుచదరం కాస్తా వాలిపోతుంది, ఇక ఆ జన్మకు తలుపు పడదు. ముఖ్యంగా తలుపున్న గోడ బలహీనం, మధ్యలో పెద్ద కన్నం కదా. అందుకని లోపలివైపు నుంచి గోడ గోడకూ ఒక బద్దను ఐమూలగా స్క్రూలతో బిగించాలి. మేకులు కాదు, స్క్రూలు. పనయ్యాక ఊడదీయాలి మరి.

కొత్త జాగాకు కొంచెం లాంఛనం ఉంది. కంచెకు ఎన్ని అడుగుల ఎడం వదలాలో ఊరి నిబంధనలు చూడాలి, కాలనీ సంఘం అనుమతి తీసుకోవాలి. నేల తవ్వే ముందు 811కు ఫోన్ చేయాలి. 2007 నుంచి దేశమంతటికీ ఇదే నంబరు. రూపాయి ఖర్చు లేదు. వాళ్లు కబురు పెడితే కంపెనీలవాళ్లు వచ్చి భూమిలో ఏది ఎటు పోతోందో రంగు చల్లి వెళతారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, ఫోను, కేబుల్ తీగలకు నారింజ, మంచినీళ్లకు నీలం, మురుగుకు ఆకుపచ్చ. మా పెరడు సంక్రాంతి ముంగిలిలా తయారైంది. రంగులు తప్పించి పైమట్టి తీసి, గుడ్డ పరిచి, నాలుగైదు అంగుళాల మందాన కంకర పోశాం. కంకర అంటే క్రషర్‌లో కొట్టిన కోసుల రాయి. ఏటి గులకరాయి అందంగా ఉంటుంది గానీ, గుండ్రటి రాయి గుండ్రటి రాయి మీద జారుతుంది, బరువు పడితే పక్కకు తప్పుకుంటుంది. నాలుగు మూలలా మేకులు పాతి, దారం కట్టి, రసమట్టం పెట్టి చూసుకోవాలి. ఈ బంకమట్టిలో కంకర లేకుండా షెడ్డు పెడితే స్కిడ్లు ఏడాది పొడుగునా నీళ్లలో నానుతూ ఉంటాయి.

ఇక ఎత్తడం. షెడ్డు బరువు టన్ను దాటుతుంది, అయినా కారు కింద పెట్టే సీసా జాకీ లాంటిది రెండుంటే చాలు. ఒక కొసన స్కిడ్ కింద జాకీ పెట్టి రెండంగుళాలు లేపాలి. లేపగానే దాని పక్కనే చెక్క దిమ్మెలు పెట్టాలి. రెండు నిలువుగా, వాటి మీద రెండు అడ్డంగా, మళ్లీ రెండు నిలువుగా, అలా గూడు కట్టుకుంటూ పోవాలి. తర్వాత జాకీని దించి బరువును దిమ్మెల మీదకు వదలాలి. అప్పుడు గానీ రెండో కొసకు పోకూడదు. అక్కడా రెండంగుళాలే. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. జాకీ మీద ఒంటరిగా నిలిచిన బరువు కింద చెయ్యి కాదు కదా చీపురుపుల్ల కూడా పెట్టవద్దని పెద్దాయన పట్టు. జాకీ లివరు నొక్కినంత సేపూ ఆయన నా చేతుల వంక చూడలేదు. ఆయన చూపంతా దిమ్మెకూ దుంగకూ మధ్య సందు మీదే. ఆ సందు వేలెడు అయ్యిందంటే ఇంకో పలక తోసేవాడు.

ఇదే రాష్ట్రంలో 1999లో ఇంతకంటే పెద్ద ముచ్చట జరిగింది. కేప్ హాటెరస్ లైట్‌హౌస్ 1870లో కట్టిన ఇటుకల బురుజు. సముద్రం నేలను కోసుకుంటూ దాని పాదాల దాకా వచ్చేసింది. దాదాపు 4,800 టన్నుల ఆ కట్టడాన్ని పునాది దగ్గర కోసి, హైడ్రాలిక్ జాకీలతో లేపి, ఉక్కు పట్టాల మీద 2,900 అడుగులు లోపలికి జరిపారు. జరిపింది 23 రోజులు. అంతసేపూ బురుజు ఎటైనా ఒరుగుతోందా, అదురుతోందా అని కనిపెట్టి చూసే పరికరాలు ఒంటినిండా తగిలించారు. తోసే యంత్రాల మాట అందరికీ గుర్తుంటుంది. బురుజు నిలబడింది మాత్రం ఒరుగును కనిపెట్టి సరిచేసిన ఏర్పాటు వల్ల.

యంత్రాలేవీ అక్కర్లేకుండా చేసినవాళ్లూ ఉన్నారు. నెబ్రాస్కాలోని బ్రూనో అనే పల్లెలో 1988లో ఒక రైతు కొట్టానికి ఉక్కు గొట్టాల చట్రం బిగించి, 344 మంది ఒకేసారి పట్టుకుని ఎత్తి, వంద అడుగులకు పైగా నడిపించుకుపోయారు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఈ కాలంలో మా వీధిలో 344 మందిని ఒక్కపూట పోగేయాలంటే బిర్యానీకి అయ్యే ఖర్చుతో రెండు కొత్త షెడ్లొస్తాయి.

మేం పట్టుకున్న దారి గొట్టాలది. పాతచోటు నుంచి కొత్తచోటు దాకా మందపాటి ప్లైవుడ్ పలకలు పరిచి, వాటి మీద నాలుగంగుళాల వ్యాసమున్న పీవీసీ గొట్టాలు అడ్డంగా పెట్టి, షెడ్డును వాటి మీదకు దించాం. పలచటి డ్రైనేజీ గొట్టాలు పనికిరావు, పగులుతాయి. షెడ్డు ముందుకు దొర్లుతుంటే వెనక బయటపడ్డ గొట్టాన్ని తెచ్చి ముందు పెడుతుండాలి. గొట్టం ఎటు అడ్డంగా ఉంటే షెడ్డు దానికి నిలువుగా పోతుంది. అంటే పక్కకు తిప్పాలంటే షెడ్డును నెట్టనక్కర్లేదు, ముందు గొట్టం కొసను సుత్తితో కాస్త తట్టి వాలుగా చేస్తే అదే తిరుగుతుంది. ఈజిప్టులో క్రీస్తుపూర్వం 1900 ప్రాంతపు జెహుతిహొతెప్ సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. పెద్ద విగ్రహాన్ని చెక్క పీఠం మీద కట్టి జనం లాగుతుంటే, ముందు ఒకడు నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇసుకను తగుమాత్రం తడిపితే లాగడానికి కావలసిన బలం సగమే సరిపోతుందని తేల్చారు. మా ఎర్రమట్టికి ఆ చిట్కా చెప్పకండి. తడిపితే షెడ్డూ, లాగేవాళ్లూ అక్కడే నాటుకుపోతారు.

గొట్టాల మీదకు ఎక్కాక టన్ను బరువు ఇద్దరు తోస్తే కదులుతుంది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. మా పెరడు కంచెవైపు వాలు. శనివారం సాయానికి వచ్చిన కుర్రాళ్లంతా తెలుగువాళ్లే, ఆఫీసుల్లో వారమంతా కూర్చుని ఉన్నారేమో ఒంట్లో ఉత్సాహం ఉరకలేస్తోంది. "అన్నా, మోకు ఇటియ్యి" అని ముందువైపు ఆరుగురు పట్టేశారు. ఐలేసా అంటూ మొదటి పట్టు పట్టబోతుంటే పెద్దాయన ముందుకొచ్చి నిలబడి, "వెనక ఎవరున్నారు?" అన్నాడు. వెనక ఎవరూ లేరు.

వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మకు ఆ ఇంగ్లీషు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ఆమెది కదిరి. ఫాల్గుణంలో లక్ష్మీనరసింహస్వామి తేరు మీదికి జనం మిరియాలు, పండ్లు విసురుతుంటే చూస్తూ పెరిగిన మనిషి. "ఒరే, తేరుకు మోకు పట్టుకునేదానికి ఊరంతా వస్తాదిరా. చక్రం కింద దిమ్మె వేసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు లేకుంటే తేరు బజార్లో పోదు, అంగళ్లలోకి పోతాది" అంది. నేను పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీ తీసి ఆమె వైపు తల వంచాడు.

ఆరుగురిలో నలుగుర్ని వెనక్కి మార్చాం. వెనక ఓక్ చెట్టు మొదలుకు, బెరడు ఒరుసుకుపోకుండా వెడల్పాటి పట్టా చుట్టి, దాని మీద మోకును మూడు చుట్లు తిప్పాం. ఆ చుట్ల మహిమ చూసితీరాలి. రెండో కొస ఒక కుర్రాడు అరచేత్తో పట్టుకుంటే చాలు, షెడ్డు ఆగిపోతుంది. పట్టు కాస్త వదిలితే జానెడు జరుగుతుంది. బిగిస్తే మళ్లీ ఆగుతుంది. మిగతా ముగ్గురిలో ఇద్దరు వెనక గొట్టాల పక్కన చెరో చీలిక దిమ్మెతో కూర్చున్నారు, ఒకడు ఖాళీ అయిన గొట్టం మోస్తాడు. ముందువైపు ఇద్దరు లాగడం కూడా లేదు, దారి చూపిస్తున్నారు అంతే. మోకు బిగిసినప్పుడు దాని వరసలో ఎవరూ నిలబడకూడదు, తెగితే కొరడాలా వచ్చి తగులుతుంది.

ఇలాంటి పనికి పిలిచేటప్పుడు మనం బలమున్నవాళ్లను పిలుస్తాం. పిలవాల్సింది ఓపికున్నవాళ్లను. అరచేతిలో మోకు పట్టుకుని, ఏమీ జరగనట్టు, రెండు గంటలు చెట్టు దగ్గర నిలబడటం కుర్రాళ్లకు నచ్చే పని కాదు. ఫొటోలో పడదు. ఆ పని చేసిన కుర్రాడికి భోజనాల దగ్గర మొదటి విస్తరి వేయించాను. అందరికంటే తక్కువ అలిసింది నేనేనన్నా అని వాడు మొహమాటపడ్డాడు.

కంకర మీదకు చేరాక మళ్లీ అదే క్రమం, తిరగేసి. జాకీతో రెండంగుళాలు లేపడం, ఒక పలక తీయడం, దించడం. దించడంలోనే ఎక్కువమంది వేళ్లు నలుగుతాయి, పని అయిపోయిందన్న ధీమాతో. ఆఖరి గొట్టం లాగేశాక రసమట్టం పెట్టి, ఒక మూల కింద పలచటి రాతి పలక దోపి, ఐమూలలు కొలిచాం. కొలతలు కలిశాయి. తలుపు మునుపటిలాగే పడింది. పాతచోట మిగిలిన నలుచదరపు నేల ఏళ్లుగా ఎండ మొహం చూడక ఇటుకలా బిగిసి ఉంది. దాన్ని తవ్వి ఎరువు కలిపేసరికి షెడ్డు జరపడం తేలికనిపించింది. గోంగూర, సొర, ఒక వరస బెండ పెట్టాం.

ఇక్కడ ఇల్లు కొనబోయే తెలుగువాళ్లకు ఒక మాట. పెరట్లో షెడ్డుంటే తలుపు తీసి లోపల ఎంత చోటుందో చూసి ఊరుకోకండి. వంగి అడుగున టార్చి వేయండి, స్క్రూడ్రైవరుతో పొడవండి. స్కిడ్లుండి, అవి గట్టిగా ఉంటే ఆ షెడ్డు ఎక్కడున్నా పర్వాలేదు. కాంక్రీటులో దిగేసి ఉంటే మాత్రం, సొరపాదుకు వేరే ఎండ చూసుకున్నాకే ఆ ఇంటికి ధర మాట్లాడండి.